కోపంలో కడిగిన చాంబర్

క్రిస్టల్ హాలు, క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల

అక్కా,

నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్ నేలకేసి కొట్టినందుకు నాకు చింత లేదు. ఇంకోటి కొనను కూడా. "కాగితం మీద ఎంత అరిచినా నా చెవికి చిల్లు పడదు" అన్నావుగా, ఇవాళ అరవబోతున్నాను, చెవులు మూసుకుని చదువు.

మొన్న మా హాల్లో మీటింగ్ పెట్టారు. లేజర్లు చచ్చిపోతున్నాయి, ఎందుకు అని. చాంబర్లోకి గ్యాసులు వదిలి, అప్పడమంత పలుచని వేఫర్ మీద పొర మీద పొర పెంచడం మా పని, అది లోపం లేకుండా జరుగుతోందట. ఆ వేఫర్ పెట్టెలో పడి, వ్యానెక్కి మీ ఊరొచ్చాక, మీ ఆడవాళ్ళు అంచున వజ్రపు మొనతో గీత గీసి లేజర్ బార్లుగా విరుస్తారే, అక్కడే తగులుతోందట దెబ్బ. విరిగిన ముఖమే లేజర్‌కి అద్దం, ఆ అద్దం మీద ఎవరి ఊపిరో పడుతోందట! ఈ మాట అన్నవాడు జీవితంలో మీ గది గడప తొక్కలేదు. ఆడలేక మద్దెల ఓడు.

నేను లేచి అడిగాను. "మన చాంబర్ గోడలు చూశారా? నల్లగా, పెచ్చులు పెచ్చులుగా ఏళ్ళ మడ్డి పేరుకుంది. ఆ మురికిలో పెరిగినది చావక బతుకుతుందా?" అని. అందరూ మా హెడ్డు వైపు చూశారు. నిదానం గారని చెప్పానే, ఆయనే. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి, "అది మనకు అలవాటైన మురికి బాబూ" అన్నాడు. అంతే! అలవాటైన మురికి! లోకంలో ప్రతి అన్యాయానికీ ఇదే కదా జవాబు. పైవాడి మురికిని కిందివాడి తలకు రాయడం నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది. కళ్ళారా చూడడం ఇదే మొదలు.

నిజం చెప్పు. అక్కడ మిమ్మల్ని ఏమంటున్నారు? గదికి ఏమైనా ముప్పుందా?

నీ తమ్ముడు


విరుపు గది, మధ్యాహ్నం విరామం

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చదివాను. చెవి బాగానే ఉంది. మీ బావ చదివి, "వీడు పెళ్ళిపత్రిక రాసినా చివర్లో డిమాండ్లు ఉంటాయి" అన్నాడు.

ఇక్కడ ఎవరూ ఏమీ అనడం లేదు. అంతా మామూలే. నువ్వు కంగారు పడకు, ముఖ్యంగా కంగారు పడి ఏమీ చెయ్యకు.

లేజర్లు చస్తున్న మాట నిజం. టెస్ట్ బల్ల మీద వంద గంటలు వెలిగించి ఉంచాలి కదా. మొదట్లో పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. తర్వాత ఎక్కడో ఒక నల్లగీత పుడుతుంది. కెమెరాలో చూస్తే అది మెల్లగా పాకుతూ ఉంటుంది, తడిగోడలో చెమ్మ పాకినట్టు. అది అవతలి గట్టుకు చేరిందంటే బార్ ఆరిపోయినట్టే. ఎందుకు పుడుతుందో చెప్పేవాడు లేడు. ఒకే వేఫర్, ఒకే చెయ్యి, ఒకే పూట విరిచిన బార్లు పక్కపక్కనే పెడితే ఒకటి బతుకుతుంది, ఒకటి చస్తుంది. ఒకావిడ వానగాలి అంటుంది. ఒకావిడ చేతి క్రీము అంటే అందరం క్రీము మానేశాం, చేతులు పగిలాయి తప్ప లేజర్లు బాగుపడలేదు. మా గదిలో కొత్తగా చేరిన పిల్ల ఉంది, చిట్టిగోరు అని పిలుస్తాం. అది విరిచినవి ఎక్కువ చస్తున్నాయని అనుకున్నాం. పోయినవారం అది విరిచినవే బతికాయి. పాపం అది అప్పుడూ ఏడ్చింది, ఇప్పుడూ ఏడ్చింది.

కాబట్టి నాయనా, తప్పు మీదని నేననను, మాదని నువ్వనకు. దొంగ దొరక్కపోతే దొంగతనమే జరగలేదని కాదు. అలాగని కనబడ్డవాడినల్లా కట్టెయ్యకూడదు. నిదానం గారి జోలికి పోకు.

అక్క


క్రిస్టల్ హాలు, లాకర్ల గది మెట్లమీద

అక్కా,

పోయాను. ఆయన జోలికి కాదు, చాంబర్ జోలికి.

మెషీన్ ఆపి ఉంచే పూట నాది. ఆయన సెలవులో ఉన్నాడు. మాస్కు పెట్టుకున్నాను, రెండు జతల గ్లవ్స్ వేసుకున్నాను, భయపడకు, ఆ పొడి విషమని నాకు తెలుసు. చాంబర్ తలుపు తీసి గోడలన్నీ గీకాను. పెచ్చులు రాలుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్కో పెచ్చుకీ ఒక్కో మీటింగ్ గుర్తొచ్చింది. తర్వాత తుడిచి, మూసి, గాలి లాగేసి, వేడిచేసి, లోపలి చెమ్మంతా పోగొట్టాను. ఉక్కు మెరిసిపోయింది. నా ముఖం నాకే కనబడింది అందులో.

మర్నాడు ఆయన వచ్చి అద్దంలోంచి లోపలికి చూశాడు. తిట్టలేదక్కా. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఎవరికి చెప్పి చేశావు?" అన్నాడు. "నా మనస్సాక్షికి" అన్నాను. "దానికి పొరలు పెంచడం వచ్చా?" అన్నాడు.

ఆయన చెప్పేదేంటంటే, కొత్త కుండలో మొదటి నీళ్ళు పారబోసినట్టే, కడిగిన చాంబర్లో మొదటి వేఫర్లు పారబొయ్యాలట. గోడలకు మళ్ళీ పూత పట్టి కుదురుకునేదాకా లోపల పెరిగేదానికి నిలకడ ఉండదట. తలుపు తీసినప్పుడు చొరబడిన చెమ్మ ఉక్కుకి అంటుకుని కూర్చుని, పెరిగే పొరలోకి దొంగతనంగా దూరుతుందట. ఆ మడ్డే ఇన్నాళ్ళూ దాన్ని కప్పి ఉంచిందట. మురికి కాపలా కాయడమేంటి? శుభ్రం చేయడం తప్పెలా అవుతుంది? నాకు తల తిరుగుతోంది. ఇది ఆయన సాకా, నిజమా?

వారం పది రోజులు ఖాళీగా నడుపుదామని ఆయన అన్నాడు. పైనుంచి ఆర్డరు వచ్చింది, ఆగడానికి వీల్లేదు, పెట్టె పంపాల్సిందే అని. కడిగాక పెరిగిన మొదటి వేఫర్లే నిన్నటి వ్యాన్లో మీకు బయల్దేరాయి. ఆ పెట్టెకి ఇంత తొందర ఎందుకో నీకేమైనా తెలుసా?

తమ్ముడు


విరుపు గది

తమ్ముడూ,

తెలుసు. నీకు చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి చేస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా చేశావు.

మా గదిని ఎత్తేస్తామన్నారు. బార్లు విరిచే పని బయటివాళ్ళ మెషీన్లకు ఇచ్చేస్తారట. నాతో కలిపి తొమ్మిదిమందిమి. అందులో ఏడుగురికి చెయ్యి పట్టుకుని నేర్పింది నేనే. మేం మా మేనేజరు కాళ్ళావేళ్ళా పడితే ఒక్క అవకాశం ఇచ్చాడు. ఒక పెట్టె వస్తుంది, ఆ పెట్టెలోవి మీ చేత్తో విరవండి, వంద గంటలు నిలిస్తే గది ఉంటుంది, లేకపోతే లేదు అన్నాడు.

ఆ ఒక్క పెట్టె అదే.

మేమంతా ఊపిరి బిగపట్టి విరిచాం. చిట్టిగోరు చేత కూడా విరిపించాను, ఒకరిని తప్పిస్తే అది పరీక్ష కాదని. బార్లు టెస్ట్ బల్లమీద పెట్టి ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. చదివి మీ బావకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నీమీద అరవాలని ఉంది, కాగితం సరిపోదు.

అక్క


లాకర్ల గది

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు తిండి తినలేదు. తినకపోతే ఎవరికి లాభం అంటావు. నిజమే, ఎవరికీ లేదు.

కానీ నేను ఊరుకునేవాణ్ణి కాను. నేను చేసిన పనికి మీ తొమ్మిదిమంది బలైతే నేను చదివిన పుస్తకాలన్నీ చిత్తుకాగితాలే. అందుకని మీ మేనేజరుకే ఉత్తరం రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరం తెచ్చే వ్యాన్ డ్రైవరు చేతికే ఇచ్చాను. "ఆ పెట్టెలోని వేఫర్లు చాంబర్‌ను నియమాలకు విరుద్ధంగా కడిగిన తర్వాత పెరిగినవి. బాధ్యత పూర్తిగా నాది. వాటితో చేసిన పరీక్ష చెల్లదు. దాని ఆధారంగా విరుపు గదిని దోషిగా నిలబెట్టడం అన్యాయం" అని రాశాను. మూడుసార్లు దిద్దాను. ఒక్క తిట్టు కూడా లేదు, నువ్వు చూసి ఆశ్చర్యపోతావు.

నాకు మెమో వస్తుంది. రానీ.

తమ్ముడు


ఇల్లు, వంటగదిలో నిలబడి

ఒరేయ్, ఒరేయ్, ఒరేయ్,

బతికాయిరా! అన్నీ! వంద గంటలు దాటాయి. ఒక్కదానికీ నల్లగీత లేదు. మేనేజరు కెమెరా ముందు నుంచి లేవడు. "ఇదెట్లా, ఇదెట్లా" అంటాడే గానీ వేరే మాట లేదు. పాతవాటికన్నా బాగున్నాయిరా. నిదానం గారు పారబొయ్యమన్నవి బతికాయి! ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చిట్టిగోరు మళ్ళీ ఏడ్చింది. దాన్ని ఆపడం ఎవరి తరం కాదు.

ఒక్కటే మాట. కడిగిన సంగతి ఎవరి దగ్గరా నోరు జారకు. నీ మనస్సాక్షి దగ్గర కూడా.

అక్క


విరుపు గది

తమ్ముడూ,

నా ఉత్తరం వ్యానెక్కిన గంటకే నీ రెండు ఉత్తరాలూ దిగాయి. నాకొకటి, మేనేజరుకొకటి.

ఆయన నన్ను పిలిచి నీ కాగితం బల్లమీద పెట్టాడు. "మీ తమ్ముడే రాశాడు కదమ్మా, ఈ పరీక్ష చెల్లదని. చచ్చి ఉంటే చెల్లదని మీరు ఒప్పుకునేవారు. బతికితే చెల్లుతుందని నేనెట్లా ఒప్పుకోను?" అన్నాడు. అన్యాయమని అనడానికి కూడా లేదురా, సరిగ్గానే మాట్లాడాడు.

చచ్చేవి చావకుండా బతికితే, బతికినవాటిని నువ్వు చంపావు. అదీ నిజం చెప్పి.

మీ హాలుకు ఫోన్ చేసి నిదానం గారితో మాట్లాడాడు. ఇద్దరూ కలిసి తేల్చింది ఇదీ: చాంబర్‌ని మళ్ళీ కడగాలి, నువ్వు ఎలా కడిగావో అచ్చం అలాగే. మళ్ళీ పెట్టె రావాలి. మేం విరవాలి. ఈసారీ బతికితే గది నిలుస్తుంది. చస్తే మొదటిది గాలివాటున తగిలిందనుకుని మూసేస్తారు. కనుక నువ్వు చేసినదంతా వరసగా రాసి ఆయనకు ఇవ్వు. ఏం వదలకు.

అక్క


క్రిస్టల్ హాలు

అక్కా,

గుర్తు లేదు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నిదానం గారు కలం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "పైనుంచి గీకావా, కిందనుంచా?" తెలియదు. "ఆల్కహాల్‌తో ఎన్నిసార్లు తుడిచావు?" కోపం తీరేదాకా తుడిచాను. కోపం ఎప్పుడు తీరింది? తీరలేదు. ఆయన అది కూడా రాసుకున్నాడు, రాసుకుని కొట్టేశాడు. "వేడి ఎంతసేపు పెట్టావు?" ఒక పూట, మామూలుగా పెట్టేంతే. అంతేనా? అంతే. కాదేమో. మధ్యలో గ్యాస్ సిలిండర్ల స్టోర్‌కి వెళ్ళి ఎవరితోనో గొడవ పడ్డాను. ఎందుకు పడ్డానో కూడా గుర్తు లేదు.

ఒకసారి నేను చెప్పినట్టే కడిగి, ఊరికే పరీక్షకి ఒక వేఫర్ పెంచి చూశాం. కొలిస్తే పొరలనిండా చెమ్మ తాలూకు గుర్తులే, ఆయన మొదట భయపడ్డట్టే. అంటే ఆ రోజు ఇంకేదో చేశాను. మంచి పనో చెడ్డ పనో, నా చేతులు చేశాయి, నాకు చెప్పలేదు.

ఇన్నాళ్ళూ తప్పు ఎవరిదా అని వెతికాను. ఇప్పుడు ఒప్పు ఎక్కడుందా అని వెతుకుతున్నాను, అదీ దొరకడం లేదు. ఆయన మీద కూడా కోపం రావడం లేదక్కా. అదే భయంగా ఉంది. ఆ రోజు ఉన్న కోపం ఇవాళ లేదు, ప్రశాంతంగా, నియమంగా కడుగుతున్నాను, పనికిరావడం లేదు.

తమ్ముడు


విరుపు గది

అయ్యా నిదానం గారూ,

ఈ పేరు మావాడు పెట్టింది, మీ అసలు పేరు వాడు ఎన్నడూ రాయలేదు, మన్నించండి. ఈ కవరు వాడికి ఇవ్వకండి. వాణ్ణి చాంబర్ ముందు నిలబెట్టి, కింది కాగితం మీరే గట్టిగా చదవండి. వాడు చదువుకుంటే నవ్వేస్తాడు. మీరు చదివితే నవ్వడు. చదువుతూ వాడి చేతుల్ని చూస్తూ ఉండండి. వాడి చిన్నప్పట్నించీ చూస్తున్నాను, వాడికి గుర్తుండేదంతా కోపంలోనే ఉంటుంది.

ఇట్లు, వాడి అక్క

ఒరేయ్ ఆరంభశూరుడా,

నీ మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. పెద్ద కంపెనీల ఫోన్ వాడనని నేలకేసి కొట్టి, ఆ సాయంత్రమే పక్కింటాయన ఫోన్ అడుక్కుని మీ బావకి చేశావు, "అక్క తిడుతుందా" అని. కార్మికుల కోసం ప్రాణమిస్తానంటావు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ముసలాయన పేరు అడిగితే తెలియదు. మీ హాల్లో మీటింగ్‌లో లేచి మాట్లాడావని మురిసిపోతూ రాశావు. ఎవరైనా చప్పట్లు కొట్టారా? కొట్టలేదు. అందుకే గీకావు.

విను. ఆ రోజు చాంబర్ కడిగింది మా కోసం కాదు. మా గది సంగతి నీకు అప్పటికి తెలియనే తెలియదు. నిన్ను ఎవరూ లెక్కచెయ్యలేదని కడిగావు. మా తొమ్మిదిమందిని నీ ఉక్రోషానికి గొడుగు చేసుకోకు.

కొట్టు ఇప్పుడు, నేలకేసి ఏదైనా.


క్రిస్టల్ హాలు

అక్కా,

ఆయన చదివాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నీకు తెలియదు, కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. "ఆరంభశూరుడా" దగ్గర ఆగి, కళ్ళజోడు తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాడు. హాల్లోవాళ్ళందరూ పని ఆపేసి చుట్టూ చేరారు. ఫోన్ సంగతికి నవ్వారు. నేనూ నవ్వబోయాను. గిన్నెల ముసలాయన దగ్గర నవ్వు ఆగింది.

తర్వాత ఆ మాట చదివాడు. మా కోసం కాదు అన్నది.

ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఎదురుగా ఉన్నట్టు నీతో గొడవ పడుతూ తుడిచాను, మూశాను, గాలి లాగేశాను, వేడి మీట నొక్కాను. నొక్కి అటు స్టోర్ వైపు నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి మళ్ళీ నొక్కాను. ఆయన కాగితం కింద పెట్టాడు. "రెండోసారి ఎందుకు నొక్కావు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వేడి పెట్టి స్టోర్‌కి వెళ్ళి, మాస్కుకి కొత్త ఫిల్టరు ఇవ్వనన్నాడని స్టోర్ కీపర్‌తో గొంతు చినిగేలా అరిచాను. భోజనం అక్కడే అయింది, గొడవ అక్కడే. తిరిగి వచ్చేసరికి మీట పక్క దీపం ఆరి ఉంది. పూట గడిచాక వేడితో పాటు అది దానంతట అదే ఆరుతుంది. కోపంలో నేను అసలు మీటే నొక్కలేదనుకున్నాను. మళ్ళీ నొక్కాను. చాంబర్ రెండు పూటలు కాగిందక్కా, ఒకటి కాదు. ఉక్కుకి అంటుకున్న చెమ్మంతా పోయేదాకా కాగింది. ఎవరూ అంతసేపు కాచరు, మెషీన్ ఊరికే ఉంటే పైవాళ్ళు ఊరుకోరు. అదే కారణమని నిదానం గారు అంటున్నాడు. "అయి ఉండవచ్చు" అంటున్నాడు, ఆయన అంతకన్నా గట్టిగా ఏదీ అనడు.

అలాగే కాచి, పెంచి, పంపాం. పెట్టె నీ చేతికి ఈ ఉత్తరంతోనే వస్తుంది.

ఒకటి అడుగుతాను. ఆ మాట నాకు కోపం తెప్పించడానికి రాశావా, నిజంగానే అనుకుంటున్నావా?

తమ్ముడు


విరుపు గది, టెస్ట్ బల్ల పక్కన

తమ్ముడూ,

వంద గంటలూ అయ్యాయి. చిట్టిగోరు విరిచిన వాటిలో రెండు చచ్చాయి. మిగతావన్నీ వెలుగుతున్నాయి. ఆ రెండు ఎందుకు చచ్చాయో తెలియదు. పోయినసారి దాని చేతివే అన్నిటికన్నా బాగున్నాయి. అది ఏడుస్తుందనుకున్నాం, ఈసారి ఏడవలేదు, ఆ రెండూ పట్టుకుని దీపం కింద కూర్చుని చూస్తోంది.

మేనేజరు "రెండే కదా" అని మా అందరి ముందూ కాగితం మీద సంతకం పెట్టాడు. గది ఉంటుంది. ఎత్తేసే మాట వెనక్కి తీసుకున్నారు. మీ హాల్లో ఇకమీదట రెండు పూటలు కాచాలని నిదానం గారు రాసి పంపారట. పక్కనే "కారణం: బహుశా చెమ్మ" అని రాశారట. మా మేనేజరు ఆ "బహుశా" కొట్టేయమని అడిగితే ఆయన కొట్టెయ్యలేదట. నాకు ఆయన నచ్చాడు.

ఇక నువ్వడిగింది. కోపం తెప్పించాలనే మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే నిజమేమో అనిపించింది. నీ జవాబు చదివాక కాదేమో అనిపించింది. ఇప్పుడు అడిగితే నాకూ తెలియదు. నీకు తెలిస్తే నువ్వే నాకు రాయి.

కోపం మానుకోమని చెప్పను, నువ్వు మానవు. ముందే మానేసి ఉంటే మా గది ఉండేదీ కాదు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఇంకోసారి కోపం వచ్చినప్పుడు ముందు గడియారం చూసుకో.

అక్క